అభిమాని బదిలీ

సీతన్నపేటలో ఎవరికి ఏ పిండి కావాలన్నా గౌరునాయుడి మరకే రావాలి. వచ్చినవాళ్ళకి పిండితో పాటు కబడ్డీ మీద అతని అభిప్రాయాలు కూడా ఊరికే దొరికేవి. మర హోరులో పాతికేళ్ళు మాట్లాడీ మాట్లాడీ అతని గొంతు ఎలా తయారైందంటే, ఇంట్లో భార్యని ఉప్పు అడిగితే పక్కింటావిడ డబ్బా పట్టుకుని వచ్చేది.

జిల్లా కబడ్డీ లీగులో ఎనిమిది జట్లున్నాయి. వాటిలో ‘సీతన్నపేట గిత్తలు’ మనది. అంటే గౌరునాయుడిది. ఆట నవంబరులో మొదలై జనవరిలో అయిపోతుంది. మిగతా తొమ్మిది నెలలూ అభిప్రాయాల కాలం. ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి, ఎవర్ని తేవాలి అన్న విషయాల మీద ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా గౌరునాయుడు మాట్లాడేవాడు. జట్టుని నడిపే కబడ్డీ సంఘం వాళ్ళు వినేవారు కాదు. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేసుకుపోతూ ఉండేవారు.

ఆ ఏడు గిత్తలు చివరి స్థానంలో నిలిచాయి. పన్నెండు ఆటలాడి పన్నెండూ ఓడిపోయాయి. తుఫాను వల్ల రెండు ఆటలు రద్దు కాకపోయి ఉంటే పద్నాలుగయ్యేవి.

ఈసారి గౌరునాయుడు నోటితో ఊరుకోలేదు. తన అభిప్రాయాలన్నీ పరీక్ష అట్ట మీద కాగితం పెట్టి రాశాడు. అందులో పెద్దది కెప్టెన్ బుజ్జిబాబు గురించి. బుజ్జిబాబు సంఘం అధ్యక్షులవారి బావమరిది. కుర్రాడు మంచివాడే, కాళ్ళలో చురుకూ ఉంది, కాని కూతకి వెళ్ళిన ప్రతిసారీ ఎడమ మూల ఆటగాణ్ణి ముట్టుకోవాలని పట్టుదల. ఆ ఎడమ మూల దగ్గరే ఆరేళ్ళుగా దొరికిపోతున్నాడు. ‘ఒక్క కాలు గాల్లోకి లేపి, రెండో కాలు బోనస్ గీత దాటించి, తిరిగి వచ్చేస్తే పాయింటు వస్తుంది. ఎవర్నీ ముట్టుకోనక్కర్లేదు. ఈ మాట అతనికి ఎవరైనా చెప్పండి’ అని గౌరునాయుడి ప్రార్థన.

మే నెలలో సంఘం సర్వసభ్య సమావేశం పెట్టారు. ఆ కాగితం పట్టుకుని వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాడు.

కార్యదర్శి కూర్మారావు గారు లేచారు. ఆయన డిప్యూటీ తాసీల్దారుగా రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పటికీ ఆయన మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుంది.

“గౌరవ సభ్యులకు తెలియజేయునది ఏమనగా,” అన్నారాయన, “గత సీజనులో మన జట్టు పన్నెండు ఆటలాడి, పన్నెండింటిలోను ఆశించిన దానికి భిన్నమైన ఫలితములు సాధించినది.”

“ఓడిపోనాం అని సెప్పండి బాబూ!” అన్నాడు గౌరునాయుడు. గోడ మీది గడియారం అదిరింది.

“ఆ పదము నివేదికలో లేదు,” అన్నారు కూర్మారావు గారు. “కారణములు విచారించు నిమిత్తం నగరం నుంచి నిపుణుణ్ణి రప్పించాము.”

నిపుణుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. పాతికేళ్ళ కుర్రాడు. కబడ్డీ చూడటం తనకి అలవాటు లేదని, చూస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని ముందే చెప్పాడు. గోడ మీద రంగురంగుల గీతలు పడ్డాయి.

“సార్, ఓడిన పన్నెండు మ్యాచుల్లోనూ కామన్‌గా ఉన్నది ఏంటా అని చూశాను. ప్లేయర్లు మారారు, గ్రౌండ్లు మారాయి, రిఫరీలు మారారు. మారనిది ఒక్కటే. పన్నెండింటికీ అభిమానులు వచ్చారు. తుఫాను రోజుల రెండు మ్యాచులకీ ఒక్క అభిమాని కూడా రాలేదు. ఆ రెండూ మనం ఓడిపోలేదు.”

సభలో చాలామంది తలలూపారు. ఇన్నాళ్ళూ ఇంత చిన్న సంగతి తట్టనందుకు కొందరు సిగ్గుపడ్డారు కూడా.

“మేచ్చే జరగనేదు కదా బాబూ,” అన్నాడు గౌరునాయుడు, “ఎలాగ ఓడతాం?”

“అదే సార్. మీరు రాలేదు, మనం ఓడలేదు. నేను చెప్పట్లేదు, డేటా చెబుతోంది.”

కూర్మారావు గారు తీర్మానం చదివారు. ఆటగాళ్ళలో లోపం కనబడనందున అందరినీ, కెప్టెన్‌తో సహా, యథాతథంగా కొనసాగించడమైనది. లోపం అభిమానులలో ఉన్నట్టు తేలినందున వారిని పునర్వ్యవస్థీకరించుటకు నిర్ణయించడమైనది. అధ్యక్షులవారు ముందుగా చప్పట్లు కొట్టారు. అభిమానులూ అలవాటు కొద్దీ కొట్టేశారు. గౌరునాయుడి కాగితం మాత్రం మడత విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

జూన్‌లో హైస్కూలు మైదానంలో అభిమానులకి పరీక్షలు పెట్టారు. మొదటిది గొంతు పరీక్ష. శబ్దాన్ని కొలిచే చిన్న యంత్రం ముందు ఒక్కొక్కరే నిలబడి అరవాలి. గౌరునాయుడు “గిత్తా!” అన్నాడు. యంత్రం కీచుమని ఆగిపోయింది. ‘సంఘ ఆస్తికి నష్టం కలిగించినాడు’ అని అతని పేరు ఎదుట రాశారు.

తరువాత ముఖాముఖి. బల్ల వెనక కూర్మారావు గారు, పక్కన నిపుణుడు.

“విరామ సమయానికి మన పాయింట్లు తొమ్మిది. ప్రత్యర్థివి ఇరవై ఎనిమిది. మీ మనోభావమేమి?”

“కడుపు మండిపోతాది బాబూ.”

కూర్మారావు గారు ‘ఉదర సంబంధమైన ఫిర్యాదు కలదు’ అని రాసుకున్నారు.

“మన కెప్టెన్ గురించి మీ అభిప్రాయం?”

ఆరేళ్ళ నుంచి ఎవరైనా ఈ మాట అడుగుతారేమోనని ఎదురుచూస్తున్న మనిషి గౌరునాయుడు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆనందంగా, ఇరవై నిమిషాలు చెప్పాడు. బుజ్జిబాబు దమ్ము ఎన్ని క్షణాలు నిలుస్తుందో చెప్పాడు. ఎడమ మూలకి వెళ్ళబోయే ముందు ఏ భుజం వంచుతాడో చెప్పాడు. లేచి, బల్ల ముందు గీత గీసి, ఒంటికాలు మీద ఎగిరి బోనస్ ఎలా తేవాలో చూపించాడు. యాభై రెండేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి.

‘అభ్యర్థికి ఆట తెలియును’ అని రాశారు కూర్మారావు గారు. దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

“అది మంచిదే కదా సార్?” అన్నాడు నిపుణుడు.

“ఆట తెలిసినవాడికి తప్పు కనబడును. తప్పు కనబడినవాడు నిట్టూర్చును. నిట్టూర్పు అంటురోగము వంటిది.”

ఆ పరీక్షలో మొదటి స్థానం చీరల కొట్టు గుమాస్తా కామేశానికి వచ్చింది. “ఇందులో బంతి ఎక్కడుంటుందండీ?” అని అడిగినందుకు నిష్పక్షపాత దృక్పథం కింద వందకి తొంభై ఆరు వేశారు.

జులై మొదటి వారంలో సంఘం కార్యాలయం బయట జాబితాలు అంటించారు. కొనసాగించబడు అభిమానులు ఒక జాబితా. శిక్షణానంతరం కొనసాగించబడువారు రెండో జాబితా. మూడో జాబితాలో పేరు ఒక్కటే ఉంది. ‘శ్రీ గౌరునాయుడు, పిండిమర. జగ్గయ్యవలస జట్టుకు బదిలీ. ఇందుకు ప్రతిగా సదరు జట్టు ఇద్దరు యువ అభిమానులను, ఒక డప్పును మనకు ఇచ్చును.’

జగ్గయ్యవలస అంటే పద్దెనిమిది కిలోమీటర్ల దూరం. పాతికేళ్ళుగా గౌరునాయుడు నిద్రలో కూడా తిట్టే జట్టు ఆ ఊరిదే. అతను ఆ జాబితా మూడుసార్లు చదివి, కూర్మారావు గారి ఇంటికి వెళ్ళాడు.

“అభిమానం మనసులో ఉంటాది కదా బాబూ. దాన్ని బదిలీ ఎలాగ సేస్తారు?”

“ముప్పయ్యేళ్ళు బదిలీలు చేశాను నాయుడూ,” అన్నారాయన ఓపికగా. “మనసున్నవాళ్ళను చేశాను, లేనివాళ్ళనూ చేశాను. ఎక్కడా ఇబ్బంది రాలేదు.”

“నాను ఎల్నంటే?”

“ఏడు రోజుల్లో చేరని యెడల మూడు సీజన్లు లీగులోని ఏ మైదానంలోకీ ప్రవేశము ఉండదు. చేరితే, గిత్తలు జగ్గయ్యవలసతో ఆడు రెండు ఆటలూ చూడవచ్చును. అవతలి వరసలో కూర్చుని.”

మూడేళ్ళు గిత్తల్ని చూడకుండా ఉండటం ఎలాగో గౌరునాయుడు ఆలోచించాడు. సరేనన్నాడు.

మర్నాడు ఛార్జి అప్పగించడం. గిత్తల నీలం తువ్వాలు ఒకటి. నడిగీతకి ఎదురుగా సిమెంటు మెట్ల మీద రెండో వరసలో అతను కూర్చునే చోటు, నాలుగు అడుగుల పొడవు కొలిచి రాశారు. జట్టుకు సంబంధించిన అభిప్రాయాలు, లిఖితపూర్వకమైనది ఒకటి, మౌఖికమైనవి లెక్కకు మించి. మౌఖికమైనవి ఎలా అప్పగించాలని అడిగితే, మరిచిపోయినట్టు ధ్రువీకరిస్తూ సంతకం చేస్తే చాలన్నారు. చేశాడు.

“కట్టుకున్నదాన్ని, నా మాట ఒక్కనాడు ఇన్నేదు,” అంది భార్య రవణమ్మ. “ఆల కాయితం మాత్రం ఇంటావేటి?”

“ఆలు ఆడతంటే సూడకుండా బతకనేనే,” అన్నాడు గౌరునాయుడు. ఆ మాట పక్కింటికి వినబడలేదు. రవణమ్మ అతని మొహం చూసింది. జగ్గయ్యవలస వాళ్ళు పంపిన ఎర్ర తువ్వాలుని తనే తడిపి ఆరేసింది.

జగ్గయ్యవలసలో అతనికి దండ వేశారు. అక్కడి జట్టుని చూసుకునేది డ్రిల్లు మేస్టారు తవిటినాయుడు. ఆయన గౌరునాయుడికి బల్ల మీద చోటు చూపించి, టీ తెప్పించి, జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు.

“చెప్పండి నాయుడుబావా. మా కుర్రోళ్ళ ఆట మీద మీ అభిప్రాయం ఏటి?”

గౌరునాయుడు ఆ పుస్తకం వైపు చూశాడు. పెన్ను వైపు చూశాడు. మేస్టారు నిజంగానే రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. పాతికేళ్ళలో తన మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. టీ గ్లాసు పక్కన పెట్టి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. అది ఎర్ర తువ్వాలని తరువాత గుర్తొచ్చి గబుక్కున దించాడు.

“సెప్తాను మేస్టారూ. మీ కుర్రోల గురించి మొత్తం సెప్తాను. మా గిత్తల గురించి మాత్రం అడక్కండి.”

“అడగను లెండి.”

అడగలేదు కూడా. వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి గౌరునాయుడు చెప్పేవాడు, మేస్టారు రాసుకునేవాడు, కుర్రాళ్ళు అలాగే ఆడేవారు. నవంబరులో జగ్గయ్యవలస వరసగా నాలుగు ఆటలు గెలిచింది. ఆ సాయంత్రాలు గౌరునాయుడు ఎర్ర వరసలో కూర్చుని మర్యాదకి చప్పట్లు కొట్టి, బయటికొచ్చి, “గిత్తలేటయ్యేయి?” అని ఫోనులో అడిగేవాడు. గిత్తలు ఓడుతూనే ఉన్నాయి.

డిసెంబరు రెండో ఆదివారం సీతన్నపేటలో గిత్తలకీ జగ్గయ్యవలసకీ ఆట. సొంత ఊరి మైదానంలోకి గౌరునాయుడు అవతలి గేటు గుండా వచ్చాడు. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని తల వంచుకు కూర్చున్నాడు. ఎదురుగా రెండో వరసలో, తన నాలుగు అడుగుల చోట్లో, చీరల కొట్టు కామేశం ఉన్నాడు. పక్కన డప్పుతో సహా ఆ ఇద్దరు యువ అభిమానులున్నారు.

సీతన్నపేట వరసలు ముచ్చటగా ఉన్నాయి. పచ్చజెండా లేస్తే చప్పట్లు, ఎర్రజెండా లేస్తే నిశ్శబ్దం. మధ్యలో ఎవరూ సొంతంగా ఏమీ అనకూడదు. జెండాలు నిపుణుడి చేతిలో ఉన్నాయి. అతను ఆట వైపు కాకుండా ల్యాప్‌టాప్ వైపు చూసి జెండా ఎత్తుతున్నాడు కనక, చప్పట్లు రెండు నిమిషాలు ఆలస్యంగా, ఒక్కోసారి అవతలి వాళ్ళ పాయింటుకి మోగాయి. జగ్గయ్యవలస కుర్రాళ్ళు మర్యాదగా తలలూపారు.

అయినా ఆ రోజు గిత్తలు ప్రాణం పెట్టి ఆడాయి. చివరి నిమిషానికి రెండు జట్లూ ఇరవై ఏడు దగ్గరున్నాయి. మిగిలింది ఒక్క కూత. బుజ్జిబాబు నడిగీత దాటాడు. ఎదురుగా జగ్గయ్యవలస ఏడుగురూ చేతులు కలుపుకుని నిలబడ్డారు. ఒక్క పాయింటు చాలు. బోనస్ గీత నిశ్చింతగా ఖాళీగా ఉంది.

బుజ్జిబాబు కుడి భుజం వంగింది. ఎడమ మూలకి వెళ్తున్నాడు.

మైదానమంతా చూస్తోంది. ఎర్రజెండా లేచి ఉంది కనక సీతన్నపేట నోరు మెదపలేదు. గౌరునాయుడు రెండు చేతులా నోరు మూసుకున్నాడు. తాను జగ్గయ్యవలస మనిషి. వాళ్ళ టీ తాగాడు, వాళ్ళ దండ వేయించుకున్నాడు, మేస్టారు పక్కనే ఉన్నాడు. ఇన్ని తెలిసి కూడా అతని చేతులు వాటంతటవే కిందికి జారాయి.

“బుజ్జీ! ఎడం పక్కకొద్దురా! కాలెత్తు! గీత దాటించి వొచ్చీరా!”

ఆరేళ్ళుగా ఆ గొంతు నూరు గొంతుల మధ్య కలిసిపోయేది. ఆ రోజు మైదానంలో ఉన్నది అదొక్కటే. బుజ్జిబాబు విన్నాడు. జగ్గయ్యవలస కుర్రాళ్ళూ విన్నారు. కాని అయిదు నెలలుగా ఆ గొంతు చెప్పినట్టు ఆడటం అలవాటైపోయిన వాళ్ళు గనక, తమకే ఏదో చెబుతున్నాడనుకుని ఏడుగురూ అటు తిరిగారు. ఆ క్షణంలో బుజ్జిబాబు ఒంటికాలు మీద ఎగిరి, గీత దాటి, గిరుక్కున తిరిగి నడిగీత మీద పడ్డాడు. ఇరవై ఎనిమిది.

గిత్తలు గెలిచాయి. పచ్చజెండా లేచే లోపలే సీతన్నపేట లేచి గంతులేసింది. గౌరునాయుడు మాత్రం మేస్టారు వైపు తిరగలేక కాళ్ళ మధ్య నేల చూస్తూ ఉండిపోయాడు.

“తప్పయిపోనాది మేస్టారూ.”

తవిటినాయుడు నోటు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. “మా ఇంటిది పుట్టింటోళ్ళ మాటొస్తే ఇంతే బావా. పాతికేళ్ళయింది, నేనేటి చెయ్యగలిగేను. రండి, బస్సుకి టైమవుతాది... ఓహో, మీ ఇల్లు ఇక్కడే కదా.”

ఆ రాత్రికల్లా సంగతి ఊరంతా పాకింది. పాకించింది బుజ్జిబాబే. “గౌరునాయుడు మావ చెప్పబట్టి గెలిచాం” అని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. మర్నాడు కార్యాలయానికి రమ్మని గౌరునాయుడికి కబురొచ్చింది. వెనక్కి పిలుస్తారని రవణమ్మ చెప్పింది. అతనూ లోపల అదే అనుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎర్ర తువ్వాలు ఇంట్లో వదిలేసి, ఖాళీ భుజంతో వెళ్ళాడు.

కార్యాలయంలో కూర్మారావు గారు, నిపుణుడు, ఒక మూల కుర్చీలో బుజ్జిబాబు ఉన్నారు. బల్ల మీద పెద్ద ఫైలు ఉంది.

“ముందుగా ఒక శుభవార్త,” అన్నారు కూర్మారావు గారు. “అభిమానుల పునర్వ్యవస్థీకరణ సంపూర్ణ విజయం సాధించినట్టు నివేదిక వచ్చినది. మిమ్ములను పంపించాము, జట్టు గెలిచినది.”

“డేటా క్లియర్‌గా ఉంది సార్,” అన్నాడు నిపుణుడు.

“అయితే ఒక చిక్కు. ఆట చివరి క్షణంలో ప్రత్యర్థి వరస నుంచి మన కెప్టెన్‌కు సలహా అందినట్టు వదంతి. లీగు నిబంధన ముప్పయ్యొకటి ప్రకారం, ప్రత్యర్థి శిబిరం సహాయంతో గెలిచిన ఆట చెల్లదు. గెలుపు రద్దగును.” ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. “మరొక వైపు, ఆ సలహా మీదే అని రుజువైతే, మీ సేవలు గుర్తించి బదిలీ రద్దు చేయు అవకాశమూ పరిశీలించవలసి యున్నది. నియమం నియమమే. కాబట్టి సూటిగా చెప్పండి. ఆ అరుపు మీదేనా?”

బుజ్జిబాబు తల పైకెత్తాడు. ఊరంతా చెప్పి తాను చేసిన పని ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది.

గౌరునాయుడికి తన చోటు కళ్ళ ముందు కదిలింది. రెండో వరస, నడిగీతకి ఎదురుగా. అవునని ఒక్క మాట అంటే మళ్ళీ అక్కడ కూర్చోవచ్చు, నీలం తువ్వాలు కప్పుకోవచ్చు. గిత్తలు మళ్ళీ సున్నా దగ్గరికి పోతాయి. అంతే. గొంతు సవరించుకుందామంటే గొంతు రాలేదు. నిన్నటి అరుపుకి బొంగురు పోయింది.

“నానేటీ అన్నేదు బాబూ,” అన్నాడు చివరికి. “నాకు దగ్గొచ్చినాది.”

“దగ్గు?”

“పిండిమర కదా. దుమ్ము.”

కూర్మారావు గారు రాసుకున్నారు. ‘వృత్తిరీత్యా దగ్గు. సలహా కాదు.’ గెలుపు చెల్లునని ఒక కాగితం మీద ముద్ర వేశారు. గౌరునాయుడి బదిలీ శాశ్వతం చేయడమైనదని రెండో కాగితం మీద ముద్ర వేసి సంతకానికి ముందుకు తోశారు. అతను రెండూ చదివాడు. మొదటిది రెండుసార్లు చదివాడు. కడుపులో ఏడుపు ఉంది, అయినా మొహం మీదికి నవ్వొచ్చింది, దాన్ని ఆపలేకపోయాడు. సంతకం చేసి, దండం పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

బుజ్జిబాబు కుర్చీలోంచి లేచాడు. గౌరునాయుడు తన ముందు నుంచి నడిచి, గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగేదాకా అలా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

“విచారణ ముగియలేదు. అనుమతి లేనిదే ఎందుకు లేచారు?” అన్నారు కూర్మారావు గారు.

“కాలు తిమ్మిరెక్కిందండీ,” అన్నాడు బుజ్జిబాబు.